నేను తిరిగొస్తానని ఎవరైనా సంతకం పెట్టండి

విదేశంలో పీజీ చెయ్యడానికి స్కాలర్‌షిప్‌కి ఎంపికయ్యానని తెలిసిన రోజు మా బంధువుల ఆనందం చూడాలి! నేను పుట్టినప్పుడు కూడా ఇంతమంది ఇంత సంతోషించి ఉండరు. బాబాయి అయితే నా పాస్‌పోర్ట్ సైజు ఫొటో, అదీ కళ్లు సగం మూసుకున్నది ఏరి మరీ, ఫ్యామిలీ గ్రూపులో పెట్టి "మన వంశానికే వెలుగు" అని రాశాడు. దాని కింద డాక్టరు మామయ్య చప్పట్ల బొమ్మలు కుప్పపోశాడు. నేను ఏం చదవబోతున్నానో మాత్రం ఒక్కరికీ తెలీదు. తెలుసుకోవాలని తొందరా లేదు.

మామయ్య ఒక్కడే ఫోన్ చేసి అడిగాడు, పాపం.

"భూమిలో పాతిన నీళ్ల పైపులు ఎక్కడ కారుతున్నాయో, రోడ్డు తవ్వకుండా చప్పుడు విని కనిపెట్టడం, మామయ్యా."

"ఓహో, ప్లంబింగా?"

"ప్లంబింగ్ కాదు, శబ్ద తరంగాలతో..."

"అదేలేమ్మా, ప్లంబింగే. మంచిదే, ఈ రోజుల్లో ప్లంబర్లు దొరకట్లేదు."

మేనత్త మాత్రం గ్రూపులో ఏమీ పెట్టలేదు. నాన్నకి అక్క ఆవిడ. రైల్వేలో టికెట్ కలెక్టరుగా చేసి రిటైరైంది కాబట్టి మనిషి ఎదురైతే ముందు అనుమానిస్తుంది, తర్వాతే పలకరిస్తుంది. నాకు "రిటర్న్ టికెట్టు" అని పేరు పెట్టింది ఆవిడే. స్కూలు ఎక్స్‌కర్షన్‌కి వెళ్తూ మొదట బస్సు ఆగిన చోటే ఏడ్చి, మాస్టారితో ఇంటికి ఫోన్ చేయించి వెనక్కొచ్చేశాను. ఇంజనీరింగ్ హాస్టల్ నుంచి మొదటి వారంలోనే పరుపుతో సహా దిగాను. ఇలాంటివి ఆవిడ దగ్గర చాలా ఉన్నాయి, పెళ్లిళ్లలో చెబుతుంది.

ఇదంతా బాగానే ఉంది కానీ స్కాలర్‌షిప్‌కి ఒక షరతుంది. చదువైపోగానే తిరిగొచ్చి మూడేళ్లు ఇక్కడే పనిచెయ్యాలి. రాకపోతే వాళ్లు ఖర్చుపెట్టిందంతా కక్కుతానని ఒక బంధువు ష్యూరిటీ సంతకం పెట్టాలి. అమ్మానాన్నలు పనికిరారు. ఉద్యోగమో పెన్షనో ఉన్న వేరే బంధువు కావాలి. ఆ కాగితం శుక్రవారంలోగా అందకపోతే నా సీటు వెయిటింగ్ లిస్టులో ఉన్నవాళ్లకి వెళ్లిపోతుంది. నేను అస్సలు కంగారుపడలేదు. వంశానికే వెలుగుని కదా, సంతకాలకి కరువా!

మొదట బాబాయి ఇంటికెళ్లాను. కాగితం చేతిలో పెట్టగానే కళ్లజోడు పెట్టుకున్నాడు, తీశాడు, తుడిచాడు, మళ్లీ పెట్టుకున్నాడు. అక్షరాలు మారలేదు.

"ఈ మధ్య చెయ్యి తిమ్మిరెక్కుతోందమ్మా."

"సంతకమే కదా బాబాయ్."

"అదేనమ్మా, సంతకం పెట్టేటప్పుడే ఎక్కుతోంది."

"నేను రాననుకుంటున్నావా?"

"ఛఛ! నీ మీద నమ్మకం లేకనా? నీ అంత తెలివైనవాళ్లు వెనక్కి ఎందుకొస్తారు చెప్పు? నేనైతే రాను."

అక్కణ్ణుంచి డాక్టరు మామయ్య క్లినిక్‌కి. తన సంతకం మందుల షాపువాడికి తప్ప భూమ్మీద ఎవరికీ అర్థం కాదని, ఆఫీసువాళ్లు తిప్పికొట్టి నాకే ఇబ్బంది అవుతుందని బాధపడ్డాడు. పక్కనే ఉన్న అత్తయ్య, "అది కాదే, మీ అమ్మ మీద ఒట్టేసి చెప్పు, వస్తావా?" అంది.

"వస్తాను."

మామయ్య టేబుల్ మీద చరిచాడు. "చూశావా! తడుముకోకుండా చెప్పింది. ఇలా తడుముకోకుండా చెప్పేవాళ్లే రారు."

"సరే మామయ్యా, ఈసారి తడుముకుంటాను, మళ్లీ అడుగు."

"తడుముకుంటే అసలే రారు."

ఇంకా రెండిళ్లు తిరిగాను. ఒక ఇంట్లో కాఫీ ఇచ్చారు, ఇంకో ఇంట్లో ఆశీర్వాదం ఇచ్చారు. అప్పుడర్థమైంది. నా తెలివి మీద వీళ్లకి ఎంత నమ్మకమంటే, విమానం ఎక్కితే మళ్లీ మొహం చూపించనని రాసిచ్చేస్తారు. వస్తానని మాత్రం రాయరు. ఇంత గౌరవం నాకు జన్మలో దక్కలేదు.

గురువారం సాయంత్రం నాన్న మెల్లగా అన్నాడు, "అక్కని అడుగుదామా?"

"అత్తనా? సంతకం సంగతి తర్వాత, పదేళ్లు సరిపడా దెప్పుతుంది."

"దెప్పించుకుందువుగాని, పద. ఇంకెవరున్నారు?"

అత్త ఫ్లాట్‌లో అడుగుపెట్టగానే వంటింట్లోంచి టప్, టప్ అని వినిపించింది. నా బుద్ధి పోనిచ్చుకోలేదు.

"అత్తా, ట్యాప్‌లో వాషర్ పోయింది."

"దాని సంగతి తర్వాత. ముందు కూర్చో, ఏదో పనుండే వచ్చారు."

కాగితం తీసుకుని ముందు చూసింది, వెనక చూసింది, లైటుకి ఎదురుగా పట్టి చూసింది. దొంగ పాసు పట్టుకుంటుందేమో అనిపించింది. తర్వాత, "పెన్నివ్వు" అని సంతకం పెట్టేసింది. అంతే!

నాన్నే భయపడ్డాడు. "అక్కా, పూర్తిగా చదివావా? ఇది రాకపోతే నీ పెన్షన్‌లోంచి పట్టుకుంటారు."

"రాకపోవడమా? ఇదా?" అత్త నవ్వడం నేను చూడటం అరుదు. "ఒరేయ్, సర్వీసంతా ప్లాట్‌ఫాం మీద జనం మొహాలే చూశాను. ఎవడు గేటు దూకి పారిపోతాడో, ఎవడు గొడుగు మర్చిపోయి వెనక్కొస్తాడో చూస్తే చెప్తాను. ఇది గొడుగు బాపతు."

నాకు ఒళ్లు మండింది. అన్ని వడపోతలు దాటి ఎంపికైనదాన్ని, గొడుగు బాపతా!

"అంటే నేను అక్కడ ఉండలేనంటావా?"

"ఉండలేవు."

"ఎందుకుండలేను? కావాలంటే జీవితాంతం..."

నాన్న నా కాలు తొక్కాడు. గట్టిగా. సంతకం తడి ఇంకా ఆరలేదు, కాగితం ఇంకా అత్త చేతిలోనే ఉంది.

"...నిజమే అత్తా. ఉండలేను. ఎప్పుడెప్పుడు వచ్చేద్దామా అని ఉంటుంది."

"అదీ," అని కాగితం ఇచ్చింది.

మర్నాడు ఆఫీసులో క్లర్కు దాన్ని తిప్పి తిప్పి చూసి, "మేనత్తా? సొంత మేనత్తేనా?" అని రెండుసార్లు అడిగాడు. "అదృష్టవంతురాలివమ్మా. మా అన్నయ్య కొడుక్కి నేను పెట్టలేదు" అని ముద్ర కొట్టాడు. ఆ సాయంత్రానికి బాబాయి గ్రూపులో "అందరి సహకారంతో" అని నా ఫొటో మళ్లీ పెట్టాడు. అదే ఫొటో.

ప్రయాణానికి ముందు అత్త దగ్గరకి ఒక్కదాన్నే వెళ్లాను, స్పానరూ కొత్త వాషరూ పట్టుకుని. థాంక్స్ చెబితే తిడుతుంది, ట్యాప్ బాగుచేస్తే తిట్టలేదు కదా. వంటింట్లోకి వెళ్లబోతే ఎదురొచ్చి, ట్యాప్‌కి అడ్డంగా నిలబడింది, టికెట్ లేనివాణ్ణి గేటు దగ్గర ఆపినట్టు.

"దాన్ని ముట్టుకోకు."

"పది నిమిషాల పని అత్తా!"

"తెలుసు. వచ్చాక చెయ్యి."

"రెండేళ్లు కారనిస్తావా?"

"బకెట్ ఉంది కదే. మొక్కలకి పోస్తాను."

"ఏ ప్లంబర్నయినా పిలిస్తే..."

"ఈ రోజుల్లో ప్లంబర్లు ఎక్కడ దొరుకుతున్నారు?" అంది, నా మొహం చూడకుండా. "ఎక్కడైనా కారుతోందంటే నీకు నిద్రపట్టదు. నాకు తెలీదా?"

నా మీద అంత ధీమా ఉన్న మనిషి, గొడుగు బాపతని లైటు కింద తేల్చేసిన మనిషి, ఒక చెయ్యి వెనక్కి పెట్టి ఆ ట్యాప్‌ని ఎందుకంత గట్టిగా పట్టుకుందో నేను అడగలేదు. స్పానర్ సంచిలో పెట్టేసుకున్నాను.

వెళ్లే రోజు నా పెట్టె బరువు ఎక్కువైందని అందరూ చుట్టూ చేరి ఒక్కొక్కటీ తీసి చూస్తున్నారు. సాక్సుల మధ్యలోంచి వాషర్ జారిపడింది. మామయ్య దాన్ని వేలికి తొడుక్కుని విరగబడి నవ్వాడు.

"ఏమ్మా, ఇంత చిన్న రబ్బరు ముక్క అక్కడ దొరకదా?"

"దొరుకుతుంది మామయ్యా," అని లాక్కుని మళ్లీ సాక్సులో దాచాను. "ఇది ఇక్కడ బిగించాల్సింది."