ఎనిమిదో పాటకు ముందు

తొట్టిలో రాగులు సగానికి దిగాయని వెంకటక్కకు అరచేయి చెప్పింది. పిండి మిషను పక్క రేకు మీద ఎడమచేయి ఆనించి నిలబడితే చాలు, లోపల ఏం నలుగుతున్నదో ఆమెకు తెలిసిపోతుంది. రాగులైతే సన్నటి జలదరింపు. జొన్నలైతే గరగర. ఎవరైనా చూసుకోకుండా రాయి పోశారా, మోచేతి దాకా జిల్లుమంటుంది. పెనుకొండ బస్టాండు వెనక సందులో ఉన్న తిమ్మరాజు మిషనులో ఇరవై రెండేళ్లుగా ఆమెది ఇదే పని. మొదటి పదేళ్లలో ఆ మోటారు ధాన్యంతో పాటు ఆమె చెవుల్ని కూడా మెత్తగా ఆడించేసింది.

అందుకే ఆ మిషను దగ్గర మాటలుండవు. ఒక వేలు చూపిస్తే మెత్తగా, రెండు వేళ్లు చూపిస్తే సంగటికి తగ్గట్టు బరకగా. మిరపకాయలు తెచ్చినవాళ్లు అందరికన్నా చివర నిలబడాలి. ఈ విషయంలో ఆమెతో వాదించి గెలిచినవాళ్లు లేరు, ఆమెకు వినపడదు కనక. కనుబొమలూ, ముక్కుపుడకా, జుట్టూ పిండితో తెల్లబడి, పొద్దుటి పూట డెబ్భై ఏళ్ల అవ్వలా ఉంటుంది. పదకొండింటికి త్రీఫేజు కరెంటు పోయాక స్నానం చేసిందంటే మళ్లీ యాభై నాలుగేళ్ల మనిషవుతుంది.

ఆ రోజు స్నానం తొందరగా కానిచ్చింది. హిందూపురంలో ఎవరో దాతలు చెవి మిషన్లు ఉచితంగా ఇస్తున్నారని తెలిసి, మొగుడు సుంకప్ప పది రోజుల ముందే ఆమె పేరు రాయించి వచ్చాడు. సుంకప్ప హైస్కూల్లో అటెండరు. గంట కొట్టేటప్పుడు తప్ప ఆయన వల్ల లోకంలో చప్పుడు పుట్టదు. అంత నెమ్మది గొంతు. ఆ గొంతుకూ ఆ చెవులకూ మధ్య పన్నెండేళ్లుగా కాపురం సైగల మీదే నడుస్తోంది.

తనకు చెవి మిషను అక్కరలేదని వెంకటక్క వాదన. వినాల్సినది తనకు వినపడుతూనే ఉంది. ఆమె చెప్పేది క్యాసెట్టు గురించి.

ఆరేళ్ల కిందట ధర్మవరంలో ఒక పెళ్లికి పోయి వస్తూ, రైల్వే స్టేషన్లో ప్యాసింజరు కోసం కూర్చున్నప్పుడు సుంకప్ప చౌడేశ్వరమ్మ పాటల క్యాసెట్టు కొన్నాడు. పెట్టె మీద సింహమూ, అమ్మవారూ ఉన్నారు. ఇంటికొచ్చి తెరిస్తే లోపల నల్ల క్యాసెట్టు, దాని మీద పుర్రె బొమ్మ. అమ్మవారి మెడలోదే అయ్యుంటుందనుకుని టేపురికార్డరులో వేశాడు. మరుక్షణం ఇంట్లో పిడుగు పడ్డట్టయింది. ఆయన ఉలిక్కిపడి ఆపడానికి చెయ్యి చాచాడు. సరిగ్గా అప్పుడే, గోడ వైపు తిరిగి బియ్యంలో రాళ్లేరుతున్న వెంకటక్క తల తిప్పింది.

"ఎవరది?" అంది.

చెవులు పోయాక, అప్పటికి ఆరేళ్లలో ఆమె ఒక శబ్దానికి తల తిప్పడం అదే మొదలు. సుంకప్ప చెయ్యి మీట దగ్గరే ఆగిపోయింది. తర్వాత ఆ చెయ్యి గొంతు పెంచే గుండీ మీదికి పోయి, దాన్ని చివరిదాకా తిప్పింది.

అప్పటి నుంచి రోజూ సాయంత్రం అదే పాట కచేరీ. మొత్తం ఎనిమిది పాటలు. మొదటిదానికి ఆమె మోటారు పాట అని పేరు పెట్టింది. మెల్లగా ఎక్కి తర్వాత ఊపందుకుంటుంది. మూడోది మిరపకాయల పాట, గొంతులో ఘాటు తగులుతుంది. అయిదోది బెల్టు తెగిన పాట. మధ్యలో అంతా టక్కున ఆగి, బెల్టు మళ్లీ తగిలించినట్టు మొదలవుతుంది. బెంగళూరులో పనిచేసే తమ్ముడి కొడుకు మంజునాథ్ ఒకసారి వచ్చి, క్యాసెట్టు తిప్పి చూసి, వీటిని హెవీ మెటల్ అంటారత్తా అని చెవిలో అరిచి చెప్పాడు. మెటల్ అంటే ఇనుమా అని అడిగింది. ఇనుమే అన్నాడు. ఆమెకు తృప్తి కలిగింది. ఇనుముతో ఆమెకు పాత పరిచయం.

పాడేవాడంటే ఆమెకు జాలి. "ఎవురినో పిలుస్తాండాడు పాపం, పలికేవాళ్లు లేరు. నేనన్నా పలకాల కదా" అని ఎదురింటి అన్నమ్మతో అంది. అన్నమ్మ వచ్చింది ప్రార్థన వేళకు కాస్త తగ్గించమని అడగడానికి. క్యాసెట్టు ఎరవు అడుగుతోందనుకుని వెంకటక్క సంతోషంగా తీసి చేతిలో పెట్టింది. అన్నమ్మ దాన్ని ఒక రాత్రి ఇంట్లో ఉంచుకుని, మర్యాద తప్పకుండా అలసంద వడలతో సహా తిరిగి ఇచ్చింది. ఆ తర్వాత ఇక అడగలేదు.

హిందూపురం శిబిరంలో వెంకటక్క చెవులకు ఏవో తగిలించి, శబ్దం వినపడితే చెయ్యెత్తమన్నారు. చాలాసేపు ఎత్తలేదు. చివర్లో ఒక్కసారిగా రెండు చేతులూ ఎత్తింది. అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్ద డబ్బా రవికెకు తగిలించి, దాని తీగ చెవిలో పెట్టారు. ముందు ఫ్యాను వినపడింది. తర్వాత తన గాజులు. ఆ తర్వాత ఎవరో ఆడమనిషి కేకలు పెడుతోంది.

"మామా, నేనింత గట్టిగా అరుస్తాండానా?"

సుంకప్ప తలూపాడు. అదీ సైగే.

తిరుగు బస్సులో ఆయన కిటికీ వైపు తిరిగి కూర్చుని, అలవాటు కొద్దీ తనలో తాను గొణుక్కున్నాడు. "ఇంటికి పోతానే మళ్ల ఆ దయ్యాల పాట పెడ్తాది."

"పెడ్తా" అంది వెంకటక్క.

సోమందేపల్లి దాటేదాకా సుంకప్ప, ఈ పన్నెండేళ్లలో ఆమె పక్కన కూర్చుని ఏమేం అన్నాడో ఒక్కొక్కటీ గుర్తు చేసుకుంటున్నట్టు నుదురు చిట్లించుకుని కూర్చున్నాడు.

ఇంటికి రాగానే ఆమె క్యాసెట్టు పెట్టింది. మోటారు పాట మొదలవగానే పైకప్పు నెత్తిన పడినట్టయి, చెవిలో తీగ పీకేసింది. వాకిట్లోకి వచ్చి అన్నమ్మ ఇంటి వైపు చూసింది. ఆరేళ్లు. వీధి వీధంతా ఇది విన్నది. ఒక్కరూ రాయి విసరలేదు. సిగ్గుతో లోపలికి పోయి, మొదటిసారిగా గుండీని వెనక్కి తిప్పి, తీగ మళ్లీ పెట్టుకుంది.

ఇప్పుడు పాటలు చిన్నవైపోయాయి. తనను రోజూ మీద పడి పిలిచే మనిషి ఎక్కడో కొండ అవతలి నుంచి దగ్గుతున్నట్టుంది. మిరపకాయల్లో ఘాటు లేదు. బెల్టు తెగినా ఏమీ అనిపించలేదు. దీన్ని రేపే తిరిగి ఇచ్చేయాలనుకుంది. ఏడో పాట అయిపోగానే లేచింది. ఏడుకూ ఎనిమిదికీ మధ్య రెండు నిమిషాలు క్యాసెట్టు ఖాళీ. ఆ సందులో దండెం మీది బట్టలు తీసుకురావడం ఆమె అలవాటు.

గడప దగ్గర ఆగిపోయింది. ఖాళీ కాదు. ఏదో ఉంది. ఒకే ఒక్క తీగ. మీటి, ఆగి, మళ్లీ మీటి. వాన వెలిశాక చూరు చివర చుక్క జారాలా వద్దా అని ఆలోచించి జారినట్టు.

"ఈ ముక్క కోసరమే కూచుంటా నేను" అన్నాడు సుంకప్ప. "నువ్వు సరిగ్గా ఈడనే లేచిపోతావు."

ఆమె వచ్చి ఆయన పక్కన కూర్చుంది.

"ముందే చెప్పుంటే కూచునేదాన్ని కదా మామా."

"రోజూ చెప్తానే ఉండా కదమే."

ఎనిమిదో పాట విరుచుకుపడేదాకా ఇద్దరూ కదలలేదు. బట్టలు మంచుకు తడిశాయి.

ఆ తర్వాత వాళ్ల పద్ధతి మారింది. ఏడు పాటలకు డబ్బా తీసేసి గుండీ పెంచడం, ఆ ముక్క రాగానే తగ్గించి డబ్బా పెట్టుకోవడం. అలా పదకొండు నెలలు గడిచాయి. శ్రావణంలో ఒక సాయంత్రం సుంకప్ప బడిలో ఇంటిగంట కొట్టి, వరండాలో బల్ల మీద కూర్చుని, కూర్చున్నట్టే పోయాడు. ఆయన తీరులోనే, చప్పుడు లేకుండా.

కర్మ అయిన మర్నాడు వెంకటక్క ఆయన ఖాకీ చొక్కా ఉతకడానికి మేకు మీంచి తీసింది. జేబులో ఉబ్బెత్తుగా తగిలింది. బీడీలనుకుని వేళ్లు పెట్టి బయటికి లాగింది. చెవికి సరిపోయేలా నలిపి నలిపి, గోలీల్లా గట్టిపడిపోయిన రెండు దూది ఉండలు.