వాల్వులమ్మ గొంతు

వాల్వులమ్మ ట్రాన్స్‌మిటర్ పెట్టెకు చెవి ఆనించి కళ్లు మూసుకుంది. లోపల మోత నిలకడగా ఉంది. గాజు వాల్వులు ఎర్రగా కాగుతున్నాయి. టంకంతో కాలి మొద్దుబారిన వేళ్లతో ఒక మర కొద్దిగా తిప్పి, తృప్తిగా తల ఊపింది.

ఊళ్లో మొదటి రేడియో కేంద్రం ఆమె చేతుల్లోనే పుట్టింది. పాత ఓడల నుంచి విప్పిన సామానుతో, తమ్ముడి ఇంటి వెనక రేకుల గదిలో. "గాలిలో మాటలా? పిల్లకు పిచ్చి ముదిరింది" అని నవ్విన బంధువులే తరువాత రేడియోలు కొని, పాడైనప్పుడల్లా ఆమె గుమ్మం తొక్కారు. పెళ్లి మాట ఎత్తితే, "ముందు రేడియోలో ఈ గురగుర తగ్గనివ్వండి" అనేది. గురగుర తగ్గింది. అడిగేవాళ్లూ తగ్గారు.

ఆ సాయంత్రం కుండపోత వాన. అనౌన్సర్ ఫోన్ చేశాడు.

"అమ్మా, వంతెన మునిగింది. రాలేను. ఇవాళ్టికి మీరే మాట్లాడెయ్యండి."

"నేనా? నా గొంతు వింటే జనం రేడియోలు కట్టేస్తారు బాబూ."

"మరి ఖాళీగా వదిలేస్తారా?"

ఆ మాట ఆమెకు తగిలింది. ఎప్పటి హెడ్‌ఫోన్లే తలకు తగిలించుకుని, కుర్చీ మైకు ముందుకు లాక్కుంది.

ఇంట్లో బట్టలు మడతపెడుతున్న మరదలు ఉలిక్కిపడింది. "ఏమండీ! త్వరగా రండి! రేడియోలో మన వదిన!"

తమ్ముడు సబ్బు నురుగు మొహంతోనే పరిగెత్తుకొచ్చాడు.

"...వానలో ఎక్కడివాళ్లు అక్కడే ఆగండి. తొందరపడకండి. ఇప్పుడొక పాట."

ఇద్దరూ పసిపిల్లల్లా నవ్వుకున్నారు. పాట అయిపోయింది. రికార్డు మీద ముల్లు గీరుతున్న చప్పుడు మిగిలింది.

"ఇంకోటి వేస్తుందిలే" అన్నాడతను.

వెయ్యలేదు. వెనక రేకుల గదిలో ఫోన్ మోగుతూనే ఉంది, ఆమె ఎత్తలేదు. అతను వానలోకి పరిగెత్తాడు.

కుర్చీలో ఆమె తల ఒక పక్కకు వాలి ఉంది. పక్కవీధి డాక్టరు వచ్చి, నాడి చూసి, చేయి మెల్లగా ఒడిలో పెట్టాడు. "గుండె ఆగిపోయింది. బాధ తెలిసి ఉండదు."

"లేదండీ, ఇప్పుడేగా మాట్లాడింది" అన్నాడు తమ్ముడు. చెవి వెనక నురుగు వానకు కూడా పోలేదు. "ఊరంతా విన్నది. కావాలంటే అడగండి. ఇప్పుడేగా..."

డాక్టరు ఆమె తల మీది హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టాడు. ఎడమవైపు తోలుమెత్త మీద, ఆమె చెవికమ్మ ఒత్తీ ఒత్తీ పడిన చిన్న గుంట.