అయిదో అంతస్తు అతిథులు

లా పాస్ నగరానికి పైన, కొండ మీదున్న ఎల్ ఆల్తోలో విమానాశ్రయం గోడ వెనక వీధిలో దోన్ హిలారియోన్ చుకిమియాకి అయిదంతస్తుల భవనం ఒకటుంది. భవనం అనడం మర్యాదకి. ఇటుకలకి ఇప్పటికీ పూత లేదు. ఆరో అంతస్తు కోసం వదిలిన ఇనప చువ్వలు ఏళ్ల తరబడి ఆకాశంకేసి చూస్తూ తుప్పు పడుతున్నాయి. కింద పెళ్లిళ్లకీ పండగలకీ అద్దెకిచ్చే హాలు, దాని మీద అతని కాపురం, మధ్యలో సరుకు గోదాములు, అన్నిటికన్నా పైన 'కోండోర్' అనే చవక హాస్టలు. షవరు తిప్పితే ముందు కరెంటు తగులుతుంది, తర్వాత నీళ్లొస్తాయి, అవి వేడెక్కేది ఎప్పుడో దేవుడికే తెలియాలి. దుప్పట్లు మాత్రం మీద ఇంకో మనిషి పడుకున్నంత బరువు.

వీపున సంచులేసుకు తిరిగే విదేశీయులు ఇటు తొంగి చూడరు. వాళ్లంతా కింద లా పాస్‌లోనే దిగిపోతారు. 'కోండోర్'కి వచ్చేదల్లా పేటలోని వెంటరోన్ జట్టుతో ఆడటానికి దిగువ దేశం నుంచి వచ్చే బీద ఫుట్‌బాల్ జట్లు. మంచి హోటలుకి తాహతు లేని వాళ్లు. హిలారియోన్ ఇంట్లో పొయ్యి వెలిగేది వాళ్ల మూలంగానే. ఆ సంగతి అతనికి బాగా తెలుసు. తెలిసి కూడా వాళ్లని చూస్తే అతనికి పురుగుల్ని చూసినట్టుండేది.

దిగువ దేశం వాళ్లని కొండ మీద కాంబాలంటారు. వేడి నేల, నది, అరటి తోటలు. అక్కడ పుట్టినవాడు బరువైన సంచి పట్టుకుని నాలుగు వేల మీటర్ల ఎత్తున అయిదంతస్తులు ఎక్కాలంటే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. జట్టు దిగిన ప్రతిసారీ హిలారియోన్ నాలుగో అంతస్తు మలుపులో కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. పొద్దున్నే సినిమాకి వెళ్లి ముందు వరసలో కూర్చున్న కుర్రాడి ఆనందం అతనిది. తెల్లబడిన పెదాలతో ఒక్కొక్కడూ అక్కడ ఆగి గోడ పట్టుకోగానే, గొంతులో తేనె పోసుకుని అడిగేవాడు.

"కోకా టీ పెట్టించమంటావా, నాయనా?"

వాడు ఊపిరి అందక తల ఊపితే, లోపలికి తిరిగి కడుపుబ్బ నవ్వుకునేవాడు. ఎత్తు పడనివాళ్లకి ఊపిరి తేలిక చేసే ఆ ఆకు టీ మాత్రం ఎప్పుడూ రాలేదు.

ఆ మే నెలలో వ్యవహారం నవ్వులాటగా లేదు. వెంటరోన్ ఆ ఏడాది ఓడిన ఆటలు చెప్పుకుంటే సిగ్గుచేటు. మిగిలింది ఒక్కటే ఆట, దిగువన బేనీ నుంచి వచ్చే పాల్మార్ జట్టుతో, ఆదివారం. గెలిస్తే లీగులో ఉంటారు. గెలవకపోతే పేట జట్ల పోటీల్లోకి జారిపోతారు. పేట జట్టు పక్క పేట నుంచి నడిచొచ్చి, ఆడి, ఇంటికి పోయి సూప్ తాగుతుంది. దానికి హాస్టలెందుకు? అయిదో అంతస్తుకి ఇక మనిషన్నవాడు ఎక్కడు.

"అందుకే చెబుతున్నా, ఈసారి వాళ్లకి కాస్త మంచి అన్నం పెట్టి, వెచ్చగా పడుకోనిచ్చి పంపుదాం. ఆట సంగతి ఆడేవాళ్లు చూసుకుంటారు," అంది అతని భార్య పెత్రోనా, బంగాళదుంపలు చెక్కు తీస్తూ. "మనది తిండీ పడకా అమ్ముకునే ఇల్లు."

"నీకేం తెలుసే? అన్నం పెట్టి పంపితే మనకే గోల్ కొడతారు."

"ఆ ఒడ్డున పడ్డ చేపపిల్లలేనా? నిన్నటిదాకా వాళ్లకి ఊపిరే రాదన్నావుగా. ఊపిరే రానివాళ్లంటే అంత భయమెందుకయ్యా?"

భార్య ఇలా నిలదీసినప్పుడల్లా హిలారియోన్ టోపీ పెట్టుకుని బయటికి పోతాడు. ఆ రోజూ అలాగే పోయి, కొంపాద్రె సెనోన్ ఇంటి తలుపు కొట్టాడు. సెనోన్ కొడుక్కి బాప్తిజం ఇప్పించినప్పుడు పక్కన నిలబడింది హిలారియోనే కాబట్టి, వాళ్లిద్దరి మధ్యా ఏ మాటైనా చెల్లుతుంది. పైగా సెనోన్ ఒక పెద్ద బ్యాండుకి నాయకుడు. పూర్తిగా వాయిస్తే వీధి చివర కుక్కలు కూడా ఇళ్లు ఖాళీ చేస్తాయి.

"కొంపాద్రె, జూన్ ఉత్సవానికి మీరు రిహార్సల్ చెయ్యాలిగా. నా హాలు ఊరికే ఇస్తా."

సెనోన్ అనుమానంగా చూశాడు. హిలారియోన్ ఊరికే ఇచ్చిన వస్తువు ఈ పేటలో ఎవరూ చూడలేదు.

"ఊరికేనా? ఎప్పుడు?"

"శనివారం. సాయంత్రం మొదలెట్టి తెల్లారేదాకా. మొరెనాదా నాట్యం పాటలు వాయించండి. డోళ్లు ఎన్నుంటే అన్నీ తెండి. పైన కాంబాలు పడుకుంటారు."

సెనోన్‌కి అప్పుడు అర్థమైంది. ఇద్దరూ ఒకళ్ల భుజాలు ఒకళ్లు చరుచుకుని, కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వారు. అరవై దాటిన మనుషులు.

పాల్మార్ జట్టు శనివారం మధ్యాహ్నం దిగింది. రాత్రీ పగలూ బస్సులో కూర్చుని వచ్చిన కుర్రాళ్లు, సగం మంది కాళ్లకి రబ్బరు చెప్పులు. వాళ్ల కోచ్ ఎర్విన్ నోసా పొట్టి మనిషి, మెత్తటి గొంతు. మాటల చివరి అక్షరాలు దిగువ దేశం పద్ధతిలో మింగేస్తాడు. హిలారియోన్‌కి అదొక్కటి చాలు, మనిషిని తీసిపారెయ్యడానికి. మాట పూర్తి చెయ్యలేనివాడు ఆట పూర్తి చేస్తాడా అనుకున్నాడు. కుర్చీలో వెనక్కి వాలి ఒక్కొక్కణ్ణీ పలకరించాడు. గోల్‌కీపరు మెట్ల మీదే కూలబడ్డాడు.

"దోన్ హిలారియోన్, మూడో అంతస్తులో ఏమన్నా ఖాళీ ఉంటే ఈ అబ్బాయిని అక్కడ పడుకోబెట్టొచ్చా?" అని అడిగాడు కోచ్.

"అక్కడ బస్తాలున్నాయి కోచ్ గారూ. బస్తాలకి పైకెక్కడం రాదు పాపం, అందుకే కింద పెట్టా. మనుషులు ఎక్కగలరుగా."

కోచ్ కుర్రాడి సంచి తన భుజాన వేసుకుని, వాడి చెయ్యి పట్టుకుని పైకి నడిపించాడు. అరవకుండా ఊరుకున్నవాడంటే హిలారియోన్‌కి ఇంకా అలుసు.

ఆ రాత్రి భోజనం ఏమిటో కూడా అతనే నిర్ణయించాడు. పంది మాంసం ఫ్రికాసే. మిరపకాయలు దండిగా వేసి, కొవ్వు తేలేదాకా ఉడికించి, పక్కన మంచులో ఎండబెట్టిన నల్ల బంగాళదుంపలు. ఈ ఎత్తులో కొత్తవాడు అది తిన్నాడంటే రెండు రోజులు కడుపులో రాయి పడ్డట్టే. పెత్రోనా మొహం మాడ్చుకునే వండింది. కోచ్ వంటింటి గుమ్మంలోకి వచ్చి ఆవిరి వాసన చూసి, చేతులు కట్టుకు నిలబడ్డాడు.

"అమ్మా, చాలా బాగా వండారు. కానీ మా వాళ్లకి కాస్త గంజీ, ఉడికిన అన్నం దొరికితే చాలు."

"ఉంది నాయనా. మీరు అడక్కముందే పెట్టేశాలే," అంది పెత్రోనా. మొగుడు వినేలాగే అంది.

పొద్దుగుంకుతుండగా డోళ్లు మొదలయ్యాయి. మొదటి దెబ్బకి పైన కిటికీ అద్దాలు గలగలమన్నాయి. హిలారియోన్ హాలు గుమ్మంలో నిలబడి, కప్పుకేసి చూస్తూ, అయిదో అంతస్తులో దిండ్ల కింద తలలు దూర్చుకుంటున్న కాంబాల్ని ఊహించుకుని పొంగిపోయాడు. ఇంతలో వీధి కదిలింది. ఎల్ ఆల్తోలో బ్యాండు మోగుతుంటే తలుపేసుకు కూర్చున్న మనిషిని ఎవరైనా చూశారా? కసాయి వచ్చాడు, మందుల షాపు ఆవిడ కొత్త లంగాలు కట్టుకుని వచ్చింది, ఎవరో బీరు పెట్టెలు దింపారు. కాసేపటికి వెంటరోన్ సెంటర్ ఫార్వర్డ్ లింబర్ తార్కి వాళ్లమ్మని వెంటబెట్టుకుని వచ్చాడు. అతని వెనక ఇద్దరు డిఫెండర్లు. వాళ్ల వెనక మిగతా వెంటరోన్ జట్టంతా.

ఇక్కడ ఏ మాత్రం బుర్ర ఉన్న మనిషైనా బ్యాండు ఆపించి, ఆ కుర్రాళ్లని చెవులు పట్టుకుని ఇళ్లకి తరిమేవాడు. హిలారియోన్ ఆనందంతో ఉబ్బిపోయాడు. తన జట్టు తన హాల్లో! పైన పరాయివాళ్లు నిద్రలేక చస్తుంటే కింద మనవాళ్లు పండగ చేసుకుంటున్నారు! మనవాళ్లకి ఏమవుతుంది? ఈ కొండ మీద పుట్టినవాళ్లు, వీళ్ల ఊపిరితిత్తులు కమ్మరి తిత్తులు.

"తాగరా లింబర్! నీ ఒంట్లో ఉన్నది రక్తం కాదు, కొండగాలి!"

"రేపు ఆట ఉంది దోన్ హిలారియోన్, ఒక్క గ్లాసే."

"ఆటా? ఆ పైవాళ్లతోనా? నువ్వు నిద్రలో నడిచినా వాళ్లు నిన్నందుకోలేరు!"

ఒక్క గ్లాసుతో ఎవరు ఆగారని లింబర్ ఆగుతాడు. పైవాళ్లు ముట్టని ఫ్రికాసే పెద్ద డేకిశా పొయ్యి మీద అలాగే ఉంది. హిలారియోన్ దాన్ని స్వయంగా మోసుకొచ్చి జట్టు ముందు పెట్టి, కొసరి కొసరి వడ్డించాడు. చేతిలో గిలక్కాయ తిప్పుతూ నాట్యం వరస ముందు నిలబడ్డాడు. పెత్రోనా వచ్చి చొక్కా పట్టి లాగింది.

"ఏవయ్యా, పైవాళ్ల సంగతి ఒకటి చెప్పాలి..."

"ఏడుస్తున్నారా?"

"కాదు, విను..."

"ఏడవనీ! తర్వాత చెబుదువుగాని పో!"

ఆమె ఇంకోసారి వచ్చింది. అతను గిలక్కాయ ఆమె మొహం మీద తిప్పి అందరినీ నవ్వించాడు. మూడోసారి గుమ్మం దగ్గరే నిలబడి, అతనికేసి ఒక చూపు చూసి, వెళ్లిపోయింది. ఆ చూపు చెడిపోయిన దుంపని ఏరి పక్కన పడేసేటప్పటి చూపు.

తెల్లవారాక హిలారియోన్ మొహం కడుక్కుని, ఎర్రబడిన కళ్లతో పైకెక్కాడు. పీక్కుపోయిన కాంబాల మొహాలు చూడటం కోసమే ఆ శ్రమ. తలుపు తోశాడు. మంచాలన్నీ ఖాళీ. దుప్పట్లు నాలుగు మడతలుగా వేసి, వాటి మీద దిండ్లు పెట్టి ఉన్నాయి. సంచి లేదు, చెప్పు లేదు, మనిషి వాసన లేదు.

దడదడా కిందికి దిగి వంటింట్లో పడ్డాడు. "పారిపోయారే! ఆట ఆడకుండానే తోక ముడిచారు!"

పెత్రోనా పాలు కలుపుతోంది. తలెత్తలేదు.

"పారిపోలేదు. నీ బ్యాండు మొదలవగానే ఆ కోచ్ వచ్చి, దగ్గర్లో కాస్త నిద్రపట్టే చోటు చెప్పమ్మా అన్నాడు. వెనక తలుపులోంచి మా చెల్లెలి తోటకి పంపించా. రియో అబాహోకి."

రియో అబాహో లోయలో ఉంది. పీచ్ తోటలు, చల్లటి కాలవ, చిక్కటి గాలి. లా పాస్‌లోని డబ్బున్నవాళ్లు ఊపిరితిత్తుల జబ్బు చేస్తే పోయేది అక్కడికే. బస్సులో కూర్చుంటే గంటన్నర.

"ఎంత పని చేశావే! శత్రువుకి దారి చూపించావా?"

"డబ్బిచ్చి మన ఇంట్లో పడుకోడానికి వచ్చినవాళ్లు శత్రువులెట్లా అయ్యారు? మనమే నిద్రపోనివ్వకపోతే ఎక్కడికి పొమ్మనాలి? అయినా చెబుదామని మూడుసార్లు వచ్చా. నువ్వు గిలక్కాయ ఆడించుకుంటున్నావ్."

ఆట గురించి చెప్పడానికి పెద్దగా ఏం లేదు. పాల్మార్ కుర్రాళ్లు బస్సు దిగీ దిగగానే మైదానంలోకి వచ్చారు, కడుపు తేలిక, కళ్లు తేటగా. మెట్ల మీద కూలబడ్డ గోల్‌కీపరు కూనిరాగం తీస్తున్నాడు. వెంటరోన్ వాళ్లు ఎండలో కళ్లు చికిలించుకుంటూ నిలబడ్డారు. మొదటి సగం అవకముందే లింబర్ తార్కి కంచె పట్టుకుని, హిలారియోన్ స్వయంగా వడ్డించిన ఫ్రికాసే మొత్తం, హిలారియోన్ కళ్లముందే కక్కేశాడు. డిఫెండర్లు ఒకళ్ల మీద ఒకళ్లు పడ్డారు. చివరికి పాల్మార్ వాళ్లే జాలిపడి మెల్లగా ఆడారు. ఆ జాలి గోల్స్ కన్నా ఎక్కువ మండింది. జనం ముందు రెఫరీని తిట్టారు, తర్వాత ఆటగాళ్లని తిట్టారు, ఆఖరికి బ్యాండు ఎవడు పెట్టించాడని ఆరా తీశారు. సెనోన్ కొంపాద్రె అన్న మాట పక్కన పెట్టి, హిలారియోన్‌కేసి వేలెత్తి చూపించాడు.

సాయంత్రం కోచ్ తాళంచెవి ఇచ్చిపోవడానికి వచ్చాడు. హిలారియోన్ హాల్లో పగిలిన సీసాల మధ్య కూర్చుని ఉన్నాడు.

"పొరపాటున జేబులో ఉండిపోయింది దోన్ హిలారియోన్. దుప్పట్లు మడిచి పెట్టాం." కోచ్ తాళంచెవి అతని చేతిలో పెట్టాడు. "నిజం చెప్పాలంటే మీకే దండం పెట్టాలి. బ్యాండు లేకపోతే మేం బద్ధకించి పైనే పడుకునేవాళ్లం. పొద్దున మా వాళ్లు లేచేవాళ్లు కాదు."

అందులో ఎత్తిపొడుపు ఎక్కడుందో అని హిలారియోన్ వెతికాడు. లేదు. మనిషి మనస్ఫూర్తిగానే అంటున్నాడు. అదే భరించలేకపోయాడు.

"వచ్చే ఏడాది కూడా ఇక్కడే దిగుతాం," అని బయల్దేరబోయి, కోచ్ గుమ్మంలో ఆగాడు. చెవుల దాకా ఎర్రబడ్డాడు. "అయ్యో, క్షమించండి. వచ్చే ఏడాది మీ జట్టు... మేం ఇటు రావలసిన పని ఉండదు కదా."

బస్సు వెళ్లిపోయింది. పెత్రోనా వచ్చి, నేల మీద సీసాలకేసీ మొగుడికేసీ చూసి, ఇస్త్రీ చేసిన పాత దుప్పటి గుడ్డలు అతని చేతుల్లో పడేసింది.

"పద. మంచాల మీద కప్పుదాం. ఇక దుమ్ము పట్టడమేగా."

అతను మాట్లాడకుండా మోశాడు. రెండో అంతస్తు దాటాడు, మూడోది దాటాడు. రాత్రంతా తాగి ఎగిరిన ఒళ్లు, అరవై దాటిన మోకాళ్లు, ఆపైన ఛాతీలో ఏదో గడ్డ కట్టినట్టు బరువు. నాలుగో అంతస్తు మలుపులో తన కుర్చీ పక్కన ఆగి, ఒక చేత్తో గోడ పట్టుకున్నాడు. గుడ్డలు చేతిలోంచి జారిపోయాయి. నోరు తెరిచాడు, ఊపిరి రాలేదు.

వెనక మెట్లెక్కుతూ వచ్చిన పెత్రోనా ఆ కుర్చీలో నింపాదిగా కూర్చుంది. లంగాలు సర్దుకుంది. మొగుణ్ణి కింద నుంచి పైదాకా ఒకసారి చూసింది.

"కోకా టీ పెట్టించమంటావా, నాయనా?" అంది.