ఎల్లాజీ పేరు చెప్పి

నేను ఒక ఎముక ముక్కను. చూసినవాళ్లు గులకరాయి అనుకుంటారు. ఒకప్పుడు తిమింగలం వెన్నులో ఉండేదాన్ని. అది చచ్చి సముద్రం అడుక్కి చేరాక బురద నన్ను కప్పేసింది. నాలోని సన్నని చిల్లుల్లోకి రాతిసారం కొద్దికొద్దిగా ఇంకింది. లక్షల ఏళ్లు గడిచాయి. నొప్పి ఎప్పుడు తెలియకుండా పోయిందో గుర్తులేదు. తర్వాత కెరటాలు నన్ను బయటికి లాగి, గుండ్రంగా అరగదీసి, భీమిలి దాటాక ఉన్న ఒక జాలరిపేట ఒడ్డున రాళ్ల మధ్య పడేశాయి.

అక్కడ నన్ను ఏరుకున్నది వాసుపల్లి కొర్లమ్మ. ఆమె భర్త ఎల్లాజీ మూడేళ్ల కిందట వేటకెళ్లి తుపానులో చిక్కుకున్నాడు. తెప్ప చెక్క దొరికింది, మనిషి దొరకలేదు. ఏదో ఒక ఆనవాలు కనబడేదాకా కర్మ చేయనిచ్చేది లేదని అత్త నూకాలు పట్టుబట్టింది. అందుకని కొర్లమ్మ రోజూ చేపలమ్మి వచ్చాక తల దించుకుని ఒడ్డు వెంట నడిచేది. ఏడుస్తూ కాదు. ఇంటి పనుల్లో అదీ ఒకటైనట్టు.

నా ఒంటినిండా ఎముకకు ఉండేలాంటి చిల్లులు చూసి ఆగింది. కొంగున ముడేసుకుంది.

మర్నాడు అత్తను వెంటబెట్టుకుని పట్నంలో కాలేజీకి వెళ్లింది. అక్కడ రాళ్ల గురించి పాఠం చెప్పే హైమవతి మేడమ్ ఆమె దగ్గరే చేపలు కొంటుంది. నూకాలు లోపలికి రానని వరండాలో కూర్చుండిపోయింది.

"ఇది మనిసి ఎముకేనా అమ్మగోరూ?"

మేడమ్ నన్ను భూతద్దం కింద అటూ ఇటూ తిప్పి చూసింది. "రాయిలా ఉంది గానీ ఎముకే," అంది. కొర్లమ్మ బల్ల అంచు పట్టుకుంది. మేడమ్ సూదిని మంటలో ఎర్రగా కాల్చి, "ఈ మధ్యదైతే వెంట్రుక కాలిన వాసన వస్తుంది," అంది.

"కాల్సకండమ్మా. ఆయనకి సురుక్కుమంటాది."

మేడమ్ చేయి ఆగిపోయింది. కాసేపటికి కొర్లమ్మే, "కానీండి," అంది.

సూది తగిలింది. వాసన రాలేదు. నాకూ ఏమీ తెలియలేదు.

"ఇది తిమింగలానిది. లక్షల ఏళ్ల నాటిది. ఎల్లాజీది కాదు కొర్లమ్మా." మేడమ్ అప్పటికే నా పేరు చీటీ మీద రాస్తోంది. పేరు తెలియగానే మనుషులకు చీటీ రాయాలనిపిస్తుంది కాబోలు. "దీన్ని మా అద్దాల బీరువాలో పెట్టనిస్తావా?"

కొర్లమ్మ ఆ మాట వినిపించుకోలేదు. "మా అత్తతో మాత్రం ఆయనదేనని సెప్పండి. ఇంక నాను ఎతకలేను."

మేడమ్ నన్ను అరచేతిలో పెట్టుకుని వరండాలోకి వెళ్లింది. నూకాలు ముఖం చూశాక అబద్ధం నోట రాలేదు. "తిమింగలానిది పెద్దమ్మా. లక్షల ఏళ్ల కిందట చచ్చింది," అంది.

నూకాలు నన్ను తీసుకుని బొటనవేలితో చాలాసేపు నిమిరింది.

"అయితే దీనికీ ఎవులూ ఇంత మన్నెయ్యలేదన్నమాట," అంది. తర్వాత కోడలి వైపు చూసింది. "పదవే. ఆడి పేరు సెప్పి దీన్నే కప్పెట్టీద్దాం. నువ్వు తిరిగింది సాలు."

మేడమ్ చీటీ మడిచి సంచిలో పెట్టుకుని వాళ్లతో వచ్చింది.

పేట ఒడ్డున సరుగుడు తోట పక్కన గొయ్యి తీశారు. నూకాలు కొడుకును పేరు పెట్టి పిలుస్తూ గుండెలు బాదుకుంది. కొర్లమ్మకు ఏడుపు రాలేదు. మూడు గుప్పిళ్ల ఇసుక వేసి, చేతులు దులుపుకుంది. పైన ఆమె అడుగుల చప్పుడు వినిపించింది. అది రాళ్ల మీదుగా, ఎక్కడా ఆగకుండా, ఇంటివైపు వెళ్లిపోయింది.