ఆమెన్ తర్వాత లాగిన్

దీవిలో నెట్‌వర్కు పని చూసే ఫెలేటి గుమ్మంలో అడుగు పెడితే చాలు, ఆ ఆఫీసులో కంప్యూటర్లన్నీ బుద్ధిమంతులైపోయేవి. డాక్టరు గుమ్మం చూడగానే పంటి నొప్పి మాయమైనట్టు. అతను కూర్చుని తన పేరూ పాస్‌వర్డూ కొట్టగానే తెర తెరుచుకునేది. అతను వెళ్లిన మర్నాడు పొద్దున మళ్లీ ఫోను. తెరుచుకోవడం లేదట, చక్రం తిరుగుతూనే ఉందట.

నెయాఫూ రేవు ఒడ్డున పడవల లైసెన్సులిచ్చే ఆఫీసది. పొద్దున తలుపు తీసేసరికే జాలర్లు కౌంటరు ముందుంటారు. లోపల గుమాస్తాలు తిరిగే చక్రం కేసి చూస్తూ చేతులు కట్టుకుని కూర్చుంటారు. ఆటుపోట్లు ఆఫీసు కోసం ఆగవు గనుక కొందరు తిట్టుకుంటూ వెళ్లిపోయేవారు. కొందరు ఆ వరండాలోనే చేపలమ్మకం మొదలుపెట్టారు.

ఆ వాసన రాజధాని దాకా పోయింది. ఈ నెలాఖరులోగా పొద్దుటి లాగిన్లు బాగుపడకపోతే దీవి నెట్‌వర్కు పని ఆక్లండ్ కంపెనీకి ఇచ్చేస్తామనీ, ఫెలేటిని రాజధాని నుకుఅలోఫాకు బదిలీ చేస్తామనీ పై అధికారి ఫోనులో చెప్పింది. జీతం పెరుగుతుందని కూడా చెప్పింది. కానీ హింగానో ఇక్కడుంది, కొండవాలున, తెల్ల ఇసుక కింద. ప్రతి శనివారం ఆ ఇసుక మీద రాలిన ఆకులు ఏరడం తప్ప, భార్య కోసం చేయదగిన పని అతనికి మరేదీ మిగల్లేదు.

అందుకని తీగలు మార్చాడు. పాత సర్వరు విప్పి దుమ్ము దులిపాడు. ఎక్కడా దోషం లేదు. సలహాలకు మాత్రం లోటు రాలేదు. ఎలుకలు తీగలు కొరికాయని మొసేసే అన్నాడు. అతనిది ఆ ఆఫీసులో అందరికన్నా పెద్ద ఒళ్లు, అందరికన్నా లోతైన గొంతు. ఎండకు మిషన్ల తల తిరుగుతోందని కౌంటరు పిల్ల లూపే అంది. పాస్‌వర్డు అంత పొడుగు పెడితే ఏ మిషనైనా అలుగుతుందని ఆఫీసు పెద్ద కలోలైనే తీర్పు చెప్పింది.

"అసలు ఎప్పుడు ఆగుతోంది?" అని అడిగాడు ఫెలేటి.

"పొద్దున, తమ్ముడూ."

"పొద్దున అంటే ఏ వేళప్పుడు?"

"పొద్దున అంటే పొద్దునే. నీకు పొద్దున కూడా నేనే నేర్పాలా?" అని కలోలైనే గబగబా టీ కలపడానికి లేచిపోయింది. మిగిలినవాళ్లు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

ఆ ఆఫీసులో రోజు మొదలయ్యేది పాటతో, ప్రార్థనతో. ఒకప్పుడు పాట ఎత్తుకునేది హింగానోయే. ఆమె అక్కడే పని చేసేది. ఫెలేటి ఏ పని మీద వచ్చినా మొసేసే పక్కన నిలబడి, పాట అడుగున సాగే కింది గొంతు కలిపేవాడు. ఆమె పోయాక అతను వ్యానులోనే కూర్చుంటున్నాడు. పాట ఆగాక కూడా కాసేపు ఆగి, అక్కర్లేని తీగలు చుట్టి, అప్పుడు లోపలికి వస్తాడు. ఆ సంగతి అందరికీ తెలుసు. అతని ముందు ప్రార్థన ఊసే ఎవరూ ఎత్తరు.

ఎత్తినవాడు ఒక ముసలి జాలరి. అతనికి ఆ మొహమాటం లేదు. ఒక పొద్దున వ్యాను కిటికీకి మోచెయ్యి ఆనించి, "ఆమెన్ అన్నారంటే మిషన్లు చచ్చాయన్నమాటే. వీళ్ల పాటకి దేవుడు పారిపోతూ కరెంటు కూడా పట్టుకుపోతున్నాడు నాయనా," అన్నాడు.

తీగ చుడుతున్న ఫెలేటి చెయ్యి ఆగింది.

రేపు ప్రార్థన వేళకు తాను లోపల ఉంటానని అతను కలోలైనేతో చెప్పాడు. పని కోసమేనని కలిపాడు.

"నిన్నెవరూ రమ్మనలేదు తమ్ముడూ," అందామె నెమ్మదిగా. "రావద్దనీ అనలేదు."

మర్నాడు ప్రార్థన జరిగే వెనక గదిలో సర్వరు పక్కన లాప్‌టాప్ తెరుచుకుని కూర్చున్నాడు. పాటంతసేపూ నోరు విప్పలేదు. ఆమెన్ అనగానే అందరూ ముందుగదిలోకి నడిచారు. ఒక్కసారిగా కుర్చీలన్నీ కిర్రుమన్నాయి, మీటలన్నీ ఒక్కసారే నొక్కారు. లాప్‌టాప్ మీద సర్వరు మోస్తున్న బరువు చూపే గీత నిట్టనిలువుగా లేచి పైన అంటుకుపోయింది. ఎవరు లాగిన్ అయితే వాళ్ల సామానంతా సర్వరు మోసుకొచ్చి ముందు పెట్టాలి. మొసేసే పందుల ఫొటోలు, కలోలైనే మనవలు, లూపే అక్క పెళ్లి వీడియో, అన్నీ ఒకే గుమ్మంలోంచి విందుకొచ్చిన బలగంలా తోసుకుంటున్నాయి. ఫెలేటి వచ్చేది గుమ్మం ఖాళీ అయ్యాక. పైగా చేతులూపుకుంటూ.

ఫొటోలన్నీ వేరే చోటికి మార్చాడు. మొసేసే ఒక్కొక్క పందికీ పేరుపెట్టి వీడ్కోలు చెప్పాడు. జబ్బు సగం తగ్గింది. తక్కిన సగానికి, ప్రార్థనకు ముందే కొందరు లాగిన్ అయిపొమ్మన్నాడు.

"దేవుడికన్నా ముందు మిషనుకి దణ్ణం పెట్టమంటావా?" అంది కలోలైనే.

అయితే ప్రార్థన ముందు కానిచ్చి పాట చివర పెట్టమన్నాడు. పాటకు నాలుగు చరణాలు, పై గొంతు నుంచి కింది గొంతు దాకా పాడేవాళ్లూ నాలుగు జట్లు. ఒక్కో చరణం అయ్యాక ఒక్కో గొంతువాళ్లు ముందుగదిలోకి వెళ్లి లాగిన్ కావాలి. కలోలైనే చాలాసేపు ఆలోచించి ఒప్పుకుంది. అందరికన్నా బరువు మొసేసేది గనుక కింది గొంతువాళ్లు మొదట వెళ్లాలని తేలింది. టైపు చేస్తూనే పాడతానన్నాడు మొసేసే. పోయినసారి అలాగే పాస్‌వర్డు మొత్తం రాగం తీసి పాడాడని లూపే గుర్తుచేసింది.

నెలాఖరు పొద్దున ప్రార్థన అయింది. మొదటి చరణం నిండుగా సాగింది. మొసేసే బలగం లేచి వెళ్లింది. రెండో చరణానికి పాట అడుగున బరువు లేని పడవలా ఒక పక్కకి ఒరిగిపోయింది. కలోలైనే ఫెలేటి వైపు చూడలేదు, పైకప్పు కేసి చూసింది. పాటను మాత్రం కొంచెం నిదానించింది, రేవులో ఎవరినో ఎక్కించుకోవడానికి పడవను ఆపినట్టు.

ఫెలేటి లాప్‌టాప్ కేసి చూశాడు. గీత కాస్త లేచి, దిగి, నిశ్చింతగా పడుకుంది. అక్కడ చూడ్డానికి ఇంకేమీ లేదు. అతను గొంతు సవరించుకున్నాడు. మొదటి మాట తుప్పు పట్టిన గొళ్లెంలా వచ్చింది. రెండోది వచ్చింది. చరణం పూర్తయ్యేసరికి పడవ నిటారుగా నిలబడింది.

ముందుగదిలో మొసేసే అప్పుడే జాలర్లను పిలుస్తున్నాడు. పాట ఇంకా అవకుండానే పిలుపేమిటని ముసలాయన గొణిగాడు.

మధ్యాహ్నం రాజధాని నుంచి ఫోను వచ్చింది. ఏం మార్చావని పై అధికారి అడిగింది. బరువు పంచానన్నాడు ఫెలేటి. ఆక్లండ్ కంపెనీకి ఇక కబురు పెట్టనని ఆమె చెప్పింది.

అతను సామాను సర్దుకుంటుంటే కలోలైనే టీ తెచ్చి పక్కన పెట్టింది.

"రేపు కూడా కింది గొంతువాళ్లే ముందు వెళ్లాలా తమ్ముడూ?"

పందులు పోయాక ఇప్పుడు ఎవరు ముందు వెళ్లినా ఒకటే. ఫెలేటికి ఆ సంగతి తెలుసు. ఆమెకూ తెలుసేమోనని అనుమానం కలిగింది. టీ పూర్తిగా తాగాకే మాట్లాడాడు.

"వాళ్లే వెళ్లాలక్కా. లేకపోతే మిషను ఒప్పుకోదు."

"మిషనే ఒప్పుకోనప్పుడు మనమేం చేస్తాంలే," అని ఆమె కప్పు తీసుకుని వెళ్లిపోయింది.