ఉతికిన అంగి

రక్తపు మరక మీద వేడినీళ్లు పొయ్యకూడదు. పోస్తే మరక గుడ్డను పట్టుకుని ఇక వదలదు. చన్నీళ్లలో గుప్పెడు గల్లుప్పు వేసి నానబెట్టాలి, సబ్బు తర్వాత. నా పన్నెండో ఏట మా అమ్మ చెప్పింది, ఎందుకు చెప్పిందో ఆడవాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. ఆ పొద్దున జంగయ్య లుంగీ అలాగే నానబెట్టాను. జంగయ్య నా మొగుడు. పేరు పెట్టి పిలవకూడదని తెలిసే పిలుస్తున్నాను. మేడ మీద రెండో గది వేయిస్తూ, సెంట్రింగు చెక్కకున్న మేకు గీరుకుని మోకాలు చీల్చుకున్నాడు. మొదటి గది మా కొడుకు పోయినందుకు వచ్చిన డబ్బుతో వేశాడు.

మా శ్రీశైలానికి పంతొమ్మిదేళ్లు. దిల్‌సుఖ్‌నగర్‌లో సైకిళ్లు కిరాయికిచ్చే దుకాణంలో పంక్చర్లు వేసేవాడు. మా వాడకట్టులో కూరగాయలమ్మే సత్తెమ్మ కొడుకు భిక్షపతి వాడి జతగాడు. ఎనభై ఐదులో సినిమా హాలు దగ్గర ఎవరిదో స్కూటరు పోతే పోలీసులు ఇద్దరినీ పట్టుకుపోయారు. మూడోనాడు హయత్‌నగర్ దారిలో రాళ్ల క్వారీ గుంతలో శవాలు దొరికాయన్నారు. పారిపోతూ పడ్డారట. ఆ స్కూటరు దాని యజమాని బావమరిదే తీసుకుపోయాడని తర్వాత తెలిసింది. పదిరోజులు తిరక్కుండానే ఇద్దరు పెద్దమనుషులు మా ఇంటికి కాగితం పట్టుకొచ్చారు. పోలీసుల మీద మాకు ఏ ఫిర్యాదూ లేదని రాసిస్తే నష్టపరిహారం వస్తుంది. వాళ్లకు ఛాయ్ పెట్టింది నేనే. చక్కెర ఎక్కువైందని ఒకాయన అన్నాడు కూడా. నేను కప్పులు కడుక్కుని వచ్చేసరికి జంగయ్య సంతకం అయిపోయింది.

"నన్నొక్క మాట అడిగినవా?" అన్నాను.

"తండ్రిని నేనున్న గద! నిన్నేందడిగేది? కొడుకు ఎట్లనో పాయె, ఇంక కోర్టుల చుట్టు తిరిగి పరువు గూడ తీసుకుందమా? ఊకో."

ఊకున్నాను. ఊకోవడం కూడా ఇంటిపనుల్లో ఒకటి, దానికీ జీతం లేదు.

అదే కాగితం సత్తెమ్మ గుడిసెకూ పోయింది. ఆమెకు మొగుడు లేడు. వేలిముద్ర వెయ్యమంటే రెండు చేతులూ కొంగులో చుట్టుకుని కూర్చుందట. "నా కొడుకును గొట్టినోడు ఎవడో ముందు చెప్పున్రి. పైసల సంగతి గా తర్వాత చూద్దాం" అందట. ఇన్నాళ్లకు సిటీలో విచారణ మొదలైంది. వాయిదా ఉన్న రోజు సత్తెమ్మ తలకు నూనె రాసుకుని, ఉన్న ఒక్క మంచి చీర కట్టుకుని, కూరగాయల గంపను పక్కింట్లో పెట్టి, మా ఇంటి ముందు నుంచే ఎల్బీనగర్‌లో బస్సెక్కడానికి పోతుంది. కిటికీలోంచి చూస్తాను. దాపరికం ఎందుకు, కుళ్లే. ఆమె కొడుకు గురించి మాట్లాడటానికి ఆమెకొక చోటుంది, ఒక తేదీ ఉంది. మా ఇంట్లో వాడి ఫొటో కూడా లేదు. మేడమీదికి కిరాయికొచ్చేవాళ్లు అడుగుతారని జంగయ్య తీసి పెట్టెలో పెట్టాడు. ఆమెకు బదులు సంతకం పెట్టడానికి మొగుడు లేకపోవడం చూసి కూడా అసూయపడ్డాను. పాపమని తెలుసు, అయినా పడ్డాను.

అన్నిటికంటే ఎక్కువ కుళ్లు, పోయిననాడు పిల్లల ఒంటిమీదున్న చొక్కాల దగ్గర. పోయినవాళ్ల బట్టలు చాకలికి వెయ్యడం మా దగ్గర ఆనవాయితీ. దవాఖాన నుంచి మూట వస్తే నాకు వెయ్య బుద్ధికాలేదు. పంతొమ్మిదేళ్లు వాడి బట్టలు ఉతికింది నేను, ఆఖరిది ఇంకొకరి చేతికెట్లా ఇస్తాను? ముందు గదిలో అందరూ ఏడుస్తుంటే పెరట్లో కూర్చుని ఉతికాను. కాలరు నుంచి వీపు దాకా అట్టలా గడ్డకట్టి ఉంది. మూడు బకెట్ల నీళ్లు ఎర్రగా పారబోశాను, నాలుగోది తేటగా వచ్చింది. నీలిమందు పెట్టి ఆరేశాను కూడా! నెల తర్వాత సత్తెమ్మ వచ్చి, "అండాలూ, మీ పిలగాని అంగి ఉన్నదా? వకీలు సాబ్ అడిగిండు" అంది. "ఉతికిన" అన్నాను. ఆమె మంచినీళ్లు అడిగి తాగి పోయింది. సత్తెమ్మ జన్మలో ఒక్క గుడ్డ తెల్లగా ఉతికింది లేదు. మా వాడకట్టంతా నవ్వుకునేవాళ్లం. ఆ బద్ధకపు మనిషి కొడుకు చొక్కా ఇప్పుడు విచారణ అధికారి బల్ల మీద ముద్ర వేసుకుని సాక్ష్యంగా ఉంది. ఒళ్లు దాచుకోకుండా చేసినదాన్ని నేను, నా కొడుకు సాక్ష్యాన్ని నా చేతులతో నేనే తుడిచేసుకున్నాను.

లుంగీ నానుతుండగా మేడమీద కిరాయికుండే సూర్యప్రభ పేపరు పట్టుకుని వచ్చి మెట్ల మీద కూర్చుంది. బ్యాంకు ఉద్యోగి భార్య, కోస్తా మనిషి. వచ్చి రెండు నెలలైంది. చదివి వినిపించడం ఆమెకు సరదా.

"ఇది విన్నారా అండాలమ్మగారూ? ఇక్కడిదేనండీ. పోలీసులు పట్టుకెళ్లాక చనిపోయిన భిక్షపతి తల్లి సత్తెమ్మ నిన్న వాంగ్మూలం ఇచ్చిందట. ఎంత ధైర్యమో చూడండి! అతనితోపాటు మరో యువకుడు కూడా మరణించాడని రాశారు. ఎవరి పిల్లాడో పాపం, పేరు కూడా వెయ్యలేదు."

మరో యువకుడు. నా కొడుకు చచ్చి రెండేళ్లకు వాడికి వచ్చిన పేరు అది. సత్తెమ్మ మీద ఎంత మంట పుట్టిందంటే, ఆమె ఎదురుగా ఉంటే జుట్టు పట్టుకునేదాన్ని. ఆమె కొడుక్కి పేరు, ఆమెకు పేరు. నాకు మేడమీద గది.

సూర్యప్రభ చదువుతూనే ఉంది. "చీకట్లో పారిపోతూ గుంతలో పడి, తెల్లారి బయటికి తీసేదాకా రాత్రంతా నీళ్లలోనే ఉన్నారని పోలీసుల వాదనట. తెలిసినవాళ్లెవరైనా రేపు వచ్చి చెప్పచ్చట."

గుంతలో పడ్డాడని మాత్రమే జంగయ్య నాకు చెప్పాడు. రాత్రంతా నీళ్లలో అన్న సంగతి ఎవరూ చెప్పలేదు. నాతో ఎవరు చెప్తారు? బకెట్‌లోకి చూశాను. ఉప్పునీళ్లలో లుంగీ మరక అప్పటికే సగం వదిలి, నీళ్లు ఎర్రబారాయి. ఇంకా గంట కూడా కాలేదు.

"ఆ పిలగాని పేరు శ్రీశైలం" అన్నాను. "నా కొడుకు."

ఆమె చేతిలో పేపరు నలిగింది. "అయ్యో, మాకు తెలీదండీ..." అంటూ లేచి నిలబడింది.

మర్నాడు సత్తెమ్మ మా ఇల్లు దాటకముందే నేను వాకిట్లో ఉన్నాను. జంగయ్య కుంటుకుంటూ వచ్చాడు.

"ఎటు వోతున్నవ్? దిమాక్ గిట్ల ఖరాబైందా? ఇచ్చిన పైసలు తిరిగియ్యమంటరు! గది కూలగొట్టాల్నా?"

"సంతకం నువ్వు చేసినవ్, నేను చెయ్యలే. కుండల అన్నమున్నది, పెట్టుకొని తిను."

బస్సులో సత్తెమ్మ జరిగి చోటిచ్చింది. విచారణ జరిగే గదిలోకి ఆమె తన ఇంట్లోకి పోయినట్టు పోయింది. బంట్రోతు కూడా ఆమెను గుర్తుపట్టి నవ్వాడు. దానికి కూడా కుళ్లుకున్నాను. గుమాస్తా నన్ను నిలబెట్టి పేరు అడిగాడు, చెప్పాను. కొడుకు పేరు అడిగాడు, గట్టిగా చెప్పాను, రాసుకున్నాడు. "ఏం పని చేస్తావమ్మా?" అన్నాడు. ఓటర్ల లిస్టువాళ్లు వచ్చినా, రేషన్ కార్డువాళ్లు వచ్చినా ఆ ప్రశ్నకు జంగయ్యే జవాబు చెప్పేవాడు, "ఏం లేదు, ఇంట్లనే ఉంటది" అని.

"బట్టలు ఉతుకుత" అన్నాను.

పోలీసుల వకీలు నవ్వు ఆపుకున్నాడు. "నీ కొడుకు చొక్కా నువ్వే ఉతికేశావని సత్తెమ్మ వాంగ్మూలంలో చెప్పింది గదా. ఇంక నీ దగ్గర చెప్పడానికేముంది?"

"ఉతికిన గనకనే చెప్తున్న సార్. రాత్రంతా క్వారీ నీళ్లల్ల నానిన అంగి అయితే, నా బకెట్ల నీళ్లు మూడుసార్లు ఎర్రగ ఎట్లయినయి?"