పెట్టెలో లేని కాగితం

చొక్కాలు నానబెట్టే ముందు జేబులు తడమడం ఆమెకు ఇరవై ఏళ్ల అలవాటు. ఈసారి భర్త జేబులో దొరికింది బస్సు టికెట్టు కాదు, ఎనిమిది మడతల పల్చటి కాగితం. పైన తన కీళ్లవాతం మాత్రల పేరుంది, మందు పెట్టెలో కంపెనీవాళ్లు పెట్టే వివరాల కాగితం. ఏడాదిగా మందులు తెచ్చి చేతికిచ్చేది ఆయనే. తన చేతికొచ్చిన పెట్టెలో ఏనాడూ ఈ కాగితం లేదు. మడతలు విప్పితే ఒక వాక్యం కింద ఆయన పెన్ను గీత కనిపించింది. ఇది రోగనిరోధక శక్తిని తగ్గించే మందు కనుక అరుదుగా కొన్ని క్యాన్సర్లు రావచ్చు, మెడలోనో చంకలోనో గడ్డ తగిలితే వెంటనే డాక్టరుకు చెప్పాలి.

ఆమె చెయ్యి తనంతట తానే మెడ మీదికి పోయింది. గడ్డ అక్కడే ఉంది. రెండు నెలల కిందట చూపిస్తే ఆయన పేపరు దించకుండానే, "జలుబు చేసుంటుంది, అదే పోతుందిలే" అన్నాడు. "గోరంతను కొండంత చేయడం నీకు మామూలేగా" అని అత్తగారు దెప్పింది. అప్పటికే ఈ గీత గీశాడా? కాగితం మడతల దగ్గర అరిగి చిరుగుతోంది, కొత్తదేం కాదు. ఆమెకు ఒళ్లు మండిపోయింది. తన ఈ వేళ్లు ఆడితేనే కదా ఇంట్లో వంట, అంట్లు, అత్తగారి కాళ్లకు మర్దన! మాత్ర మానేస్తానేమోనని దాచాడు, అంతే కదా?

చొక్కాలు అలాగే వదిలేసి, కూలికి కుడుతున్న స్కూలు యూనిఫాంలు పక్కకు నెట్టి, ఎవరికీ చెప్పకుండా ఆసుపత్రికి వెళ్లింది. డాక్టరమ్మ గడ్డ నొక్కి చూసింది.

"కంగారు పడకండి. మందు వల్ల ఆ ముప్పు తక్కువే, ఈ జబ్బు వల్ల కూడా కొంత ఉంటుంది. కానీ ముక్క తీసి పరీక్ష చేయాలి. ఇన్నాళ్లు ఎందుకు ఆగారు? మొదట్లోనే అన్నీ రాసిచ్చాం, మీరు సంతకం కూడా పెట్టారుగా" అంటూ ఫైలు తిప్పింది.

పేరు ఆమెదే. రాత ఆయనది. ఆ రోజు వేళ్లు బిగుసుకుపోయి పెన్ను పట్టలేక తను బయట బల్ల మీద కూర్చుంటే, కాగితాల పని ఆయనే చూసుకొచ్చి, "ఏం లేదు, ఉత్త తంతు" అన్నాడు. నా మీద ఎంత శ్రద్ధో అని మురిసిపోయింది కూడా, పిచ్చి మొహం.

"మాత్రలు మానేయాలా?" అని అడిగింది. వేళ్లకు కదలిక తెచ్చింది అవేనని ఆమెకు తెలుసు.

"సొంతంగా మానొద్దు. ఫలితం రానివ్వండి, మీరూ నేనూ కూర్చుని మాట్లాడుకుందాం."

నర్సు పరీక్ష ఫారం తెచ్చి గుమ్మం వైపు చూసింది. "మీవారు రాలేదామ్మా? సంతకానికి..."

"ముందు నన్ను చదవనివ్వండి."

చివరి పంక్తి దాకా చదివి సంతకం పెట్టింది. ఫలితం ఎవరికి చెప్పాలన్న చోట పాత ఫైల్లోని ఆయన నంబరు ముందే రాసి ఉంది. దాన్ని కొట్టేసి తన నంబరు రాసింది.